కొలంబియా నదిలో వసంతకాలపు సాల్మన్ వేట: అంచనాలు, కోటాలు, అర్ధాంతరపు మూసివేతలు – తరచుగా అడిగే ప్రశ్నలు

సియాటిల్, పోర్ట్‌లాండ్ వైపు ఉండే తెలుగువాళ్ళు కొలంబియా నది మీద గాలం వేయడం మొదలుపెట్టిన మొదటి వసంతంలోనే ఈ ప్రశ్నలన్నీ ఎదురవుతాయి. సెలవు పెట్టుకుని, పడవ మాట్లాడుకున్నాక "రేపటి నుంచి వేట బంద్" అని ప్రకటన వస్తుంది. వారం తిరక్కుండా మళ్ళీ రెండు రోజులు తెరుస్తారు. బయటినుంచి చూస్తే ఇష్టారాజ్యంలా ఉంటుంది గానీ, దాని వెనక గట్టి లెక్క ఉంది. ఆ లెక్క తెలిస్తే ఏ రోజున వెళ్ళాలో మీరే చాలావరకు ఊహించుకోగలరు. నిబంధనలు ఏటా మారతాయి కాబట్టి బయల్దేరే ముందు ఆ రోజు అమల్లో ఉన్న ప్రకటన చూసుకోవడం మాత్రం తప్పదు.

ఏ చేప గురించి ఇదంతా?

షినూక్ సాల్మన్. అందులోనూ వసంతంలో నదిలోకి వచ్చేవి. ఇక్కడి జాలర్లు వీటిని స్ప్రింగర్లు అంటారు. ఏటి ఎగువన పుట్టి, పిల్లగా సముద్రానికి వెళ్ళి, ఒకటి నుంచి మూడేళ్ళు అక్కడ పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికే తిరిగొస్తాయి. సముద్రంలో ఇలసగా తిరిగి గోదావరి ఎర్రనీటికి ఎదురీది పులస అయ్యే చేప తెలిసినవాళ్ళకు ఈ సంగతి వివరించనక్కర్లేదు. ఒక్క తేడా ఉంది. షినూక్ గుడ్లు పెట్టాక బతకదు. జీవితంలో ఒక్కసారే ఎదురీత. అందుకే గుడ్లు పెట్టకముందే పట్టిన ప్రతి చేపా వచ్చే తరంలోంచి తీసేసినట్టే.

వసంతపు షినూక్‌కు అంత గిరాకీ కొవ్వు వల్ల. నదిలోకి వచ్చాక అది మేత మేయదు. ఎగువన నెలల తరబడి ఆగి, వేసవి చివర్లో గుడ్లు పెడుతుంది. అన్నాళ్ళకు సరిపడా కొవ్వు ఒంట్లో పెట్టుకునే వస్తుంది. రుచి అక్కడిదే.

లెక్కలన్నీ తిరిగేది బోన్‌విల్ ఆనకట్ట చుట్టూ. నది నోటి నుంచి దాదాపు 235 కిలోమీటర్లు. దాన్ని దాటి పైకి పోవాల్సిన చేపల్ని ఎగువ నది గుంపు అంటారు. వీటిలో కొన్ని ఎనిమిది ఆనకట్టలెక్కి ఐడహో కొండల దాకా వెళ్తాయి. కొలంబియాలో కలిసే స్నేక్ నదిలో సహజంగా పుట్టే వసంత షినూక్ 1992 నుంచి, ఎగువ కొలంబియాలో పుట్టేది 1999 నుంచి అంతరించే ప్రమాదమున్న జాతుల చట్టం కింద రక్షణలో ఉన్నాయి. మీ గాలానికి తగిలేది హేచరీ చేపే (పెంపక కేంద్రంలో పొదిగించి నదిలో వదిలినది) కావచ్చు. సీజన్‌ను నడిపేది మాత్రం దాని పక్కనే ఈదుతున్న సహజ చేప.

చేపలు ఇంకా సముద్రంలో ఉండగానే ఎన్నొస్తాయో ఎలా చెబుతారు?

తోబుట్టువుల్ని చూసి. ఒకే ఏడాది పుట్టిన చేపలన్నీ ఒకే ఏడాది తిరిగి రావు. కొన్ని మగ చేపలు తొందరపడి, సముద్రంలో ఒక్క ఏడాదే గడిపి, మూడో ఏట చిన్నగా ఉండగానే వచ్చేస్తాయి. వీటిని జాక్‌లంటారు. కొలంబియా దిగువన 24 అంగుళాల లోపు షినూక్‌ను జాక్‌గా లెక్కిస్తారు. వాటి తోబుట్టువుల్లో ఎక్కువ భాగం మరుసటి ఏడాది, నాలుగో ఏట వస్తాయి. మిగిలినవి ఐదో ఏట.

కాబట్టి ఈ ఏడాది జాక్‌ల లెక్క వచ్చే ఏడాది నాలుగేళ్ళ చేపలకు సూచన. ఈ ఏడాది నాలుగేళ్ళ చేపలు వచ్చే ఏడాది ఐదేళ్ళ వాటికి సూచన. పాత ఏళ్ళ జంటలన్నిటినీ గ్రాఫు మీద పెట్టి, వాటి మధ్యగా గీత గీసి, ఈ ఏడాది అంకెను దాని మీద చదువుతారు. దీనికి తోడు సముద్రపు పరిస్థితుల్ని చూస్తారు. పిల్ల చేపలు సముద్రంలో దిగిన మొదటి వేసవిలో అడుగునుంచి చల్లటి నీరు పైకి తన్నుకొచ్చిందా, వాటికి మేతయ్యే కొవ్వున్న సూక్ష్మ జలచరాలు ఉన్నాయా అన్నది ముఖ్యం. రాష్ట్రాలు, గిరిజన తెగలు, కేంద్ర సంస్థల జీవశాస్త్రజ్ఞులు కలిసి కూర్చునే సాంకేతిక సలహా సంఘం డిసెంబరులో అంచనా ప్రకటిస్తుంది.

ఆ అంచనా ఎంతవరకు నిజమవుతుంది?

కొన్నేళ్ళు దగ్గరగా ఉంటుంది, కొన్నేళ్ళు ఘోరంగా తప్పుతుంది. ఎగువ నది గుంపుకు 2005లో సుమారు 2.54 లక్షల చేపలొస్తాయన్నారు. వచ్చినవి 1.07 లక్షలు. 2009లో దాదాపు 3 లక్షలన్నారు, 1.7 లక్షల దగ్గర ఆగింది. 2010లో 4.7 లక్షలకు 3.15 లక్షలు వచ్చాయి. ఎప్పుడూ ఎక్కువే చెబుతారని కూడా అనలేం. 2022లో 1.23 లక్షలన్న చోట 1.85 లక్షలు వచ్చాయి.

ప్రకటనలో ఒక్కటే అంకె కనబడుతుంది. జనం దాన్నే పట్టుకుంటారు. దాన్ని ఒక అంకెగా కాక ఒక పరిధిగా చదవడం మంచిది. "1.2 లక్షలు" అని కనిపిస్తే "80 వేల నుంచి 1.8 లక్షల మధ్య ఎక్కడైనా" అని మనసులో అనుకోండి. పైన చెప్పిన తప్పిదాల్లో 2010, 2022వి దాదాపు ఆ వెడల్పులోనే ఉన్నాయి. 2005, 2009 మాత్రం దాన్నీ దాటేశాయి.

ఇన్నేళ్ళ అనుభవం ఉండీ ఎందుకు తప్పుతున్నారు?

గ్రాఫు మీద గీత నిన్నటి సముద్రాన్ని చూసి గీసింది. చేప ఈదేది నేటి సముద్రంలో.

మొదటి చిక్కు జాక్‌లతోనే. 2009లో బోన్‌విల్ దగ్గర వసంత జాక్‌లు 80 వేల పైచిలుకు లెక్కకొచ్చాయి. అంతకుముందు ఎన్నడూ అన్ని లేవు. ఆ లెక్కకు గ్రాఫులో చోటే లేదు. గీతను తెలియని మేరకు పొడిగించాలి. పొడిగిస్తే అసాధ్యమైన అంకె వచ్చింది. శాస్త్రజ్ఞులు దాన్ని బాగా తగ్గించి 4.7 లక్షలన్నారు, అయినా ఎక్కువే అయింది. ఎందుకంటే జాక్‌లు పెరిగాయంటే రెండు అర్థాలున్నాయి. ఆ తరం నిజంగా పెద్దది కావచ్చు. లేదా ఆ తరంలో ఎక్కువ చేపలు తొందరగా ఎదిగి ముందే వచ్చేసి ఉండొచ్చు. రెండోదే నిజమైతే మరుసటి ఏడాదికి మిగిలేవి తక్కువ. జాక్‌ల లెక్క ఒక్కటే చూసి ఏది నిజమో చెప్పలేం.

రెండో చిక్కు, జాక్‌లు వచ్చాక తోబుట్టువులు ఇంకో ఏడాది సముద్రంలోనే ఉంటాయి. ఆ ఏడాది నీరు వేడెక్కితే, మేత తగ్గితే, వేటాడే జంతువులు పెరిగితే ఆ నష్టం ఏ గ్రాఫులోనూ ముందుగా కనబడదు. 2014 నుంచి 2016 దాకా ఈశాన్య పసిఫిక్‌లో పేరుకున్న వేడినీటి దెబ్బ తర్వాతి కొన్నేళ్ళ రాకల్లో తెలిసింది.

మూడోది నది నోట్లోనే జరుగుతుంది. వసంతంలో సీ లయన్లు (సీల్‌ను పోలిన సముద్ర జంతువులు) దిగువ నదిలోకి, ఆనకట్ట పాదం దాకా వచ్చి సాల్మన్‌ను తింటాయి. సముద్రం నుంచి క్షేమంగా వచ్చిన చేప కూడా బోన్‌విల్ లెక్కకు చేరకపోవచ్చు.

30 శాతం కోత అంటే ఏమిటి?

ఈ పద్ధతి మొత్తంలో తెలివైన నిర్ణయం ఇదేనని మా అభిప్రాయం. సీజన్ మధ్యలో చేపల్ని లెక్కబెట్టి అంచనా సవరించేదాకా, వచ్చేవి అంచనాలో 70 శాతమే అనుకుని వేట నడుపుతారు. 1,00,000 అన్నారనుకోండి, మే నెలలో సవరణ వచ్చేవరకు 70,000 వస్తాయన్నట్టే కోటాలు లెక్కగడతారు. సవరణలో నిజంగా లక్ష ఉన్నాయని తేలితే మిగతా వాటా అప్పుడు విడుదలవుతుంది.

2023లో దీని విలువ కనబడింది. అంచనా దాదాపు 1.99 లక్షలు. అందులో 70 శాతం 1.39 లక్షలు. నిజంగా వచ్చినవి 1.4 లక్షల చుట్టుపక్కల. కోత లేకుండా ఏప్రిల్‌లో పూర్తి కోటా పట్టేసి ఉంటే, ఆ అప్పు సహజ చేపలు, ఎగువ జాలర్లు తీర్చాల్సి వచ్చేది.

అలాగని ఇది అన్ని ప్రమాదాలకూ విరుగుడు కాదు. 2005 అంచనాలో 70 శాతం తీసుకున్నా 1.78 లక్షలు. వచ్చింది 1.07. కోత తర్వాత కూడా ప్రతిరోజూ లెక్క చూస్తూ ఉండక తప్పదనేది అందుకే.

కొందరు దీన్ని 50 శాతానికి పెంచాలంటారు, కొందరు తీసేయాలంటారు. పెంచితే మంచి ఏళ్ళలో ఏప్రిల్ వేట దాదాపు పోతుంది. మే సవరణ తర్వాత విడుదలైన చేపలు అప్పటికే ఆనకట్ట దాటి ఉంటాయి కాబట్టి దిగువ నదివాళ్ళకు అవి దక్కవు. కోతకు ఖర్చుంది, ఆ ఖర్చు ఎక్కువగా దిగువ జాలరిదే. ఇది దాచకుండా ఒప్పుకోవాలి.

సీజన్ ఎవరు నిర్ణయిస్తారు?

నది రెండు రాష్ట్రాల సరిహద్దు. 1918లో అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన ఒప్పందం కింద వ్యాపార వేటను వాషింగ్టన్, ఒరెగాన్ కలిసి నిర్ణయిస్తాయి. ఆ వేదికను కొలంబియా రివర్ కాంపాక్ట్ అంటారు. గాలపు వేటనూ రెండు రాష్ట్రాలు అలాగే కలిసి నిర్ణయిస్తాయి. విచారణలు బహిరంగం. ఎవరైనా వినొచ్చు, మాట్లాడొచ్చు.

డిసెంబరులో అంచనా. ఫిబ్రవరి చివర్లో విచారణ జరిపి, మార్చి నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా దిగువ నది సీజన్ ప్రకటిస్తారు. ఏప్రిల్‌లో మళ్ళీ కూర్చుని, కోటా మిగిలితే కొన్ని రోజులు పొడిగిస్తారు. మే మొదటి, రెండో వారాల్లో సవరించిన అంచనా వస్తుంది. దాన్ని బట్టి మళ్ళీ తెరవడమో, మూసే ఉంచడమో. జూన్ 15తో వసంతపు లెక్క ముగుస్తుంది, 16 నుంచి వేసవి రాక మొదలైనట్టు పరిగణిస్తారు.

గాలపు వేటకు దక్కిన వాటాలో నాలుగింట మూడు వంతులు బోన్‌విల్ దిగువకు, మిగిలింది ఎగువకు, స్నేక్ నదికి. ఎగువ వాళ్ళ వాటా దిగువన ఖర్చైపోకుండా చూడటం ఏప్రిల్ మూసివేతలకు ఒక ముఖ్య కారణం.

గిరిజన తెగల వేటకు వేరే లెక్క ఎందుకు?

అది వాళ్ళకు ఎవరో ఇచ్చిన రాయితీ కాదు. నెజ్ పర్స్, ఉమటిల్లా, వార్మ్ స్ప్రింగ్స్, యాకమా తెగలు 1855 ఒప్పందాల్లో భూమిని వదులుకున్నాయి గానీ, అలవాటైన చోట్ల చేపలు పట్టే హక్కును తమ దగ్గరే ఉంచుకున్నాయి. 1969లో కొలంబియా మీద, 1974లో వాషింగ్టన్ జలాల మీద కోర్టు తీర్పులు ఆ హక్కుకు న్యాయమైన వాటా ఉందని తేల్చాయి. రెండో తీర్పు ఆ వాటాను సగంగా నిర్ణయించింది, 1979లో సుప్రీం కోర్టు దాన్ని నిలబెట్టింది. వేల ఏళ్ళుగా ఆ తెగలు చేపలు పట్టిన సెలైలో జలపాతం 1957లో డాల్స్ ఆనకట్ట నీళ్ళలో మునిగిపోయింది. ఈ నది మీద వాటా గురించి మాట్లాడేవాళ్ళందరూ ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆచరణలో ఇలా ఉంటుంది. ఎగువ నది గుంపు ఎంత పెద్దదైతే వేటకు అనుమతించే శాతం అంత పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఒప్పందేతర వేటకు, అంటే మన గాలాలకు, వ్యాపార పడవలకు కలిపి, సహజ చేపల్లో చావుల పరిమితి సాధారణ ఏళ్ళలో 2 శాతం చుట్టుపక్కలే. దానికితోడు మనవైపు చనిపోయే ఎగువ నది చేపల మొత్తం, తెగలకు అనుమతించిన సంఖ్యను దాటకూడదు. రెండు పరిమితుల్లో ఏది ముందు తగిలితే అదే వేటను ఆపుతుంది.

నేను పట్టిన చేప లెక్కలోకి ఎలా వెళ్తుంది?

పడవలు దిగే రేవుల దగ్గర, గట్ల మీద లెక్కచూసే సిబ్బంది ఉంటారు. ఎన్ని గంటలు వేటాడారు, ఎన్ని ఉంచుకున్నారు, ఎన్ని వదిలారు అని అడుగుతారు. విమానంలోంచి నది మీద పడవల్ని, గట్ల మీద మనుషుల్ని లెక్కిస్తారు. గంటకు ఎన్ని చేపలు, మొత్తం ఎన్ని గంటల వేట అన్న రెండూ కలిపితే వారపు లెక్క వస్తుంది.

ఉంచుకున్న చేపే కాదు, వదిలిన చేప కూడా కొంత లెక్కే. ఇక్కడ వసంత షినూక్‌కు గాలం నుంచి వదిలినవాటిలో 10 శాతం తర్వాత చనిపోతాయని పరిగణిస్తారు. 100 ఉంచుకుని 40 వదిలితే ఖాతాలో 104. అందుకే "ఎన్ని వదిలారు" అనే ప్రశ్నకు నిజం చెప్పాలి. తక్కువ చెబితే ఆ వారం సీజన్ పొడుగైనట్టు కనిపిస్తుంది. మరుసటి ఏడాది అంచనా మాత్రం దెబ్బతింటుంది.

లెక్కచూసేవాళ్ళు చేప ముక్కు దగ్గర ఒక పరికరం తిప్పితే కంగారుపడకండి. కొన్ని హేచరీ పిల్లల ముక్కులో 1.1 మిల్లీమీటర్ల పొడవున్న గుర్తు తీగ పెడతారు. అది ఉంటే ముక్కు భాగం కోసి తీసుకుంటారు. ఏ హేచరీ, ఏ ఏడాది అన్నది దాంతో తెలుస్తుంది. దిగువ నదిలో పట్టిన ప్రతి స్ప్రింగరూ ఎగువకు పోయేది కాదు. విలామెట్, కౌలిట్జ్ లాంటి ఉపనదుల చేపలూ అందులో ఉంటాయి. వాటిని వేరు చేయకపోతే కోటా అన్యాయంగా కరిగిపోతుంది.

బోన్‌విల్ లెక్క తక్కువుంది. చేపలు తక్కువా, ఆలస్యమా?

మొత్తం విషయంలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇదే. ఏప్రిల్ చివరి వారంలో దీనికి ఎవరి దగ్గరా ఖచ్చితమైన జవాబు ఉండదు.

ఆనకట్ట పక్కన చేపలు ఎక్కడానికి మెట్ల కాలువలున్నాయి. అక్కడి గాజు కిటికీల ముందు కూర్చుని మనుషులు ఒక్కో చేపనూ లెక్కిస్తారు. ఆ అంకెలు రోజూ ఇంటర్నెట్‌లో వస్తాయి, మీరూ చూడొచ్చు. సగం రాక దాటే తేదీ ఇటీవల మామూలుగా మే మొదటి వారంలో పడుతోంది.

ఉదాహరణకు మే 1 నాటికి 24,000 చేపలు ఎక్కాయనుకుందాం. మామూలు ఏడాదిలో ఆ తేదీకి 30 శాతం ఎక్కుతాయని అనుకుంటే, మొత్తం 80,000. ఈ ఏడాది రాక ఆలస్యమై 20 శాతమే ఎక్కి ఉంటే, మొత్తం 1,20,000. ముందే వచ్చి 40 శాతం ఎక్కేసి ఉంటే, 60,000. కిటికీ ముందు కనబడిన అంకె మాత్రం ఒకటే. సవరణను సగం రాక దాటేదాకా ఆపేది ఇందుకే. 50 శాతం దగ్గర కొద్ది రోజులు అటూ ఇటూ అయినా తప్పు ఇంత పెద్దదవదు.

ఆలస్యానికి కారణాలు నీళ్ళలోనే ఉంటాయి. మంచు కరిగి వరద ఎక్కువై, నీరు బురదగా, చల్లగా ఉంటే చేపలు దిగువనే ఆగుతాయి. 2017లో అలాగే అయింది. ఏప్రిల్ చివరికి లెక్క చాలా తక్కువుంది, వేట మూశారు. "వరద వల్ల ఆలస్యం, వస్తాయి" అని చాలామంది అన్నారు. వచ్చాయి కూడా. అయితే 1.6 లక్షలన్న చోట 1.16 లక్షల దగ్గర ఆగాయి. ఆలస్యమూ నిజమే, తక్కువవడమూ నిజమే. రెంటిలో ఒకటే అయి ఉండాలని ఏమీ లేదు.

మీరే ఊహించాలంటే మూడు చూడండి: బోన్‌విల్ రోజువారీ లెక్క పదేళ్ళ సగటుతో పోలిస్తే ఎలా ఉంది, నది ప్రవాహం సగటు కన్నా ఎంత ఎక్కువ, నీటి వేడి ఎంత. ప్రవాహం మామూలుగా ఉండి, నీరు తేటగా ఉండి, లెక్క మాత్రం సగటులో సగముంటే ఆశలు తగ్గించుకోండి. ప్రవాహం బాగా ఎక్కువుంటే ఇంకో పది రోజులు ఆగి చూడండి.

ఆంధ్ర తీరంలోలా తేదీలు ముందే ఖరారు చేయొచ్చు కదా?

ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల సముద్ర వేట నిషేధం. తేదీలు అందరికీ తెలుసు, అమలు చేయడమూ తేలిక. అక్కడ ఉద్దేశం వేరు. అనేక జాతులు గుడ్లు పెట్టే కాలంలో వలలకు విరామమివ్వడం. ఎన్ని చేపలున్నాయన్న దానితో ఆ తేదీలకు సంబంధం లేదు.

కొలంబియాలో పరిమితి రోజుల్లో కాదు, చావుల సంఖ్యలో ఉంది. తేదీలు ఖరారు చేయాలంటే చేపలు బాగా పడే ఏడాదిని ఊహించుకుని చాలా తక్కువ రోజులు పెట్టాలి. నీరు తేటపడి, వాతావరణం బాగుండి, చేపలు గాలానికి ఎగబడితే నాలుగు రోజుల్లో రెండు వారాల కోటా అయిపోగలదు. కాలిఫోర్నియాలో 2025 జూన్‌లో సముద్రపు గాలపు వేటకు 7,000 చేపల లక్ష్యంతో తెరిస్తే మొదటి రెండు రోజుల్లోనే దాటిపోయింది. తేదీ స్థిరంగా ఉండాలంటే రోజులు తగ్గాలి, రోజులు ఎక్కువ కావాలంటే తేదీలు కదలాలి.

అలాంటప్పుడు పట్టి వదిలేసే వేటకు ఎప్పుడూ అనుమతించొచ్చుగా?

10 శాతం గుర్తుందిగా. వెయ్యి సహజ చేపల్ని పట్టి వదిలితే వంద చావులు ఖాతాలో పడతాయి. 2 శాతం పరిమితిలో అది చిన్న సంఖ్య కాదు. వదిలే వేట నెలంతా నడిపితే, ఉంచుకునే వేటకు మిగిలేది తగ్గుతుంది.

ఏ చేప ఉంచుకోవచ్చు? వదలాల్సింది ఎలా వదలాలి?

వీపు మీద, తోకకు కాస్త ముందు, చిన్న కండ రెక్క ఉంటుంది. దాన్ని అడిపోజ్ రెక్క అంటారు. హేచరీల్లో పిల్లగా ఉండగానే దాన్ని కత్తిరిస్తారు. ఆ రెక్క లేకుండా, ఆ చోట మానిన మచ్చ ఉంటేనే ఉంచుకోవచ్చు. రెక్క ఉంటే వదలాలి. సగం ఉన్నట్టు అనుమానమొస్తే వదలండి. రోజుకు రెండు పెద్ద హేచరీ చేపలు, అందులో షినూక్ ఒక్కటే అన్నది ఇటీవల మామూలుగా ఉన్న పరిమితి.

సముద్రానికెళ్ళి తిరిగొచ్చే ట్రౌట్ చేప, స్టీల్‌హెడ్, కూడా అదే నీళ్ళలో ఉంటుంది. షినూక్‌కు చిగుళ్ళు నల్లగా, తోక రెండు కొసల మీదా మచ్చలు. స్టీల్‌హెడ్ నోరు తెల్లన, తోక అంచు దాదాపు తిన్నగా ఉంటుంది.

వదిలేటప్పుడు తప్పులు ఎక్కువగా వల దగ్గరే జరుగుతాయి. ముడులున్న నైలాను వల పొలుసుల్ని, వాటి మీది జిగురు పొరను ఊడదీస్తుంది. ముడుల్లేని రబ్బరు వల వాడండి. చేపను నీళ్ళలోనే ఉంచి, తల పైకి రానివ్వకుండా రెక్క చూడండి. వాషింగ్టన్ మంచినీళ్ళలో వదలాల్సిన సాల్మన్‌ను పూర్తిగా బయటకు తీయడమే నిషేధం, ఫొటో కోసమైనా సరే. ముందే చేతులు తడుపుకోండి. మొప్పల్లో వేలు పెట్టకండి. గాలం గొంతులోకి పోతే లాగొద్దు, దారం కోసేయండి. తల ప్రవాహానికి ఎదురుగా ఉంచి పట్టుకుంటే, ఊపిరందాక అదే తోక విదిల్చి వెళ్తుంది. అది తనంతట వెళ్ళేదాకా చెయ్యి తీయకండి. నీరు 68 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే చేపకు ఆ పోరాటమే ప్రాణాంతకం. అప్పుడు సీజన్ తెరిచి ఉన్నా వదిలే వేటకు వెళ్ళకపోవడం మంచిది.

లైసెన్సు విషయంలో ఎక్కడ పొరపాటు పడతారు?

మార్చి 31న. వాషింగ్టన్ వార్షిక లైసెన్సు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా చెల్లుతుంది. స్ప్రింగర్ సీజన్ సరిగ్గా నడిమధ్యలో ఉండగా గడువు తీరిపోతుంది. సాల్మన్ పట్టినట్టు నమోదు చేసే కార్డు కూడా అప్పుడే మారుతుంది. మార్చిలో బాగా పట్టినవాళ్ళు ఏప్రిల్ మొదటి శనివారం పాత కార్డుతో దొరికిపోతారు. ఉంచుకున్న చేపను కార్డులో అప్పటికప్పుడే రాయాలి, ఇంటికెళ్ళి కాదు.

వాషింగ్టన్‌లో 90 రోజులు స్థిరంగా ఉంటే అక్కడి నివాసిగా లైసెన్సు తీసుకోవచ్చు, ధర చాలా తగ్గుతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని పడవ ఎక్కిస్తే, వాళ్ళు గాలం పట్టుకుంటే వాళ్ళకీ లైసెన్సు కావాలి. ఒకటి, రెండు, మూడు రోజులవి దొరుకుతాయి. మీ పేరు మీద వాళ్ళు పట్టడం కుదరదు. 15 ఏళ్ళలోపు పిల్లలకు వాషింగ్టన్‌లో లైసెన్సు అక్కర్లేదు గానీ నమోదు కార్డు ఉండాలి. రెండు రాష్ట్రాల మధ్య నదిలో పడవ మీద ఏ రాష్ట్రపు లైసెన్సైనా చెల్లుతుంది. అవతలి రాష్ట్రపు గట్టు ఎక్కినా, ఉపనదిలోకి వెళ్ళినా చెల్లదు.

ఏటా అచ్చయ్యే నిబంధనల పుస్తకాన్ని నమ్ముకోకండి. అత్యవసర ప్రకటన దాన్ని రద్దు చేస్తుంది. బయల్దేరే ముందు రాత్రి, పొద్దున్నే, రెండుసార్లు చూసుకోండి.

కాలిఫోర్నియాలో ఏకంగా ఏళ్ళ తరబడి ఎందుకు మూశారు?

అక్కడ శాక్రమెంటో శరత్కాలపు షినూక్ మీద వేట ఎక్కువగా సముద్రంలో జరుగుతుంది. చేప నదికి వచ్చాక లెక్కపెట్టి సరిదిద్దే అవకాశం తక్కువ. అంచనా తప్పితే తెలిసేసరికి వేట అయిపోతుంది. 2022లో వేట పోగా దాదాపు 2 లక్షలు నదికి చేరతాయని అంచనా వేశారు. చేరినవి 62 వేల చుట్టుపక్కల. కనీస లక్ష్యం 1.22 లక్షలు. దాంతో 2023, 2024లో సాల్మన్ సముద్ర వేట పూర్తిగా ఆపేశారు. 2008, 2009లోనూ దాదాపు అలాగే జరిగింది. కొలంబియా వసంత చేప మీద మధ్యలో సవరణకు కిటికీ ముందు కూర్చునే మనిషి ఉన్నాడు. ఏప్రిల్‌లో ఐదు రోజుల మూసివేతకు కోపమొచ్చినప్పుడు ఈ తేడా చూడండి.

ఇంత అనిశ్చితిలో సెలవులు ఎప్పుడు పెట్టుకోవాలి?

ఒక్క పెద్ద ప్రయాణం కాకుండా రెండు చిన్నవి అనుకోండి. మొదటిది మార్చి చివరి వారం నుంచి ఏప్రిల్ మొదటి వారం లోపు, ముందే ప్రకటించిన రోజుల్లో. ఇవి ఆఖరి రోజుల్లో తప్ప రద్దవడం తక్కువ, చేపలూ అప్పుడప్పుడే పెరుగుతుంటాయి. రెండోది మే నెల మధ్యకు తేలిగ్గా మార్చుకునేలా. సవరణ బాగుంటే తెరిచేది అప్పుడే. పడవ, గైడు మాట్లాడుకునేటప్పుడు "మూసేస్తే డబ్బు వెనక్కా, వేరే చేపకు మారుస్తారా" అని ముందే అడగండి.

ప్రధాన నది మూసినా ఉపనదులు తెరిచి ఉండొచ్చు. బోన్‌విల్ పైన విండ్ నది నోరు, డ్రానో సరస్సు హేచరీ చేపలకు పేరున్నవి. విలామెట్‌కు వేరే లెక్క. అయితే ఏ హేచరీకైనా గుడ్ల కోసం ఇన్ని తల్లి చేపలు కావాలన్న లక్ష్యం ఉంటుంది. అది అందదనిపిస్తే ఆ ఏరూ మూస్తారు.

అన్నీ మూసేశారు. చేప మాత్రం కావాలి. ఏం చేయాలి?

మే రెండో సగం నుంచి జూన్ దాకా బోన్‌విల్ కింద షాడ్ చేప వెల్లువలా వస్తుంది. తూర్పు తీరం నుంచి 1800ల చివర్లో ఇక్కడికి తెచ్చింది, ఇప్పుడు కొన్ని ఏళ్ళలో లక్షలు దాటి మిలియన్లలో ఎక్కుతోంది. రోజువారీ పరిమితి లేదు. లైసెన్సు మాత్రం ఉండాలి, ఆ భాగంలో షాడ్ వేట తెరిచి ఉందో లేదో చూసుకోవాలి. గట్టు మీద నుంచే, చిన్న మెరిసే ఎరతో, ప్రవాహం వేగంగా ఉన్న చోట పడుతుంది. మన ఇలసకు దూరపు చుట్టం. అదే కొవ్వు, అదే రుచి వాలకం, అవే సన్న ముళ్ళు. ముళ్ళు కరిగేలా పులుసు పెట్టడం గోదావరి జిల్లాలవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పట్టిన వెంటనే మొప్పలు కోసి రక్తం పోనిచ్చి, మంచులో పెట్టండి. లేకపోతే మధ్యాహ్నానికల్లా మెత్తబడిపోతుంది. గాలానికి సాల్మన్ గానీ స్టీల్‌హెడ్ గానీ పడితే మాత్రం నీళ్ళలోనే విప్పి వదిలేయాలి.